అంచు తీయని ఏడు బిళ్లలు

మా అమ్మ తమ్ముడు గౌస్ బాషాకి ఒక జబ్బుంది. లేత్ మీద ఏ ముక్క చేసినా అంచు కాస్త అరగదీసి నున్నగా చేస్తేగానీ చేతిలోంచి వదలడు. ముప్పై ఏళ్లుగా చిలకలూరిపేట జిన్నింగు మిల్లులకి సామాన్లు చేస్తున్నాడు మరి. అంచు పదునుగా ఉంటే పత్తి పట్టుకుంటుంది, పనివాళ్ల చేతులు తెగుతాయి.

2004లో నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. లోహపు బిళ్లల్ని దొంతరగా అతికించి, గ్యాస్‌తో పేలే పెద్ద తుపాకీలోంచి ఒక పలక మీదికి కొట్టాలి. దెబ్బ ఒక్కసారిగా కాక క్రమంగా పెరగాలి. రాగి ఎంత మందం, అల్యూమినియం ఎంత మందం? అది తేల్చడానికి కంప్యూటర్లో వంద అడ్డదిడ్డం డిజైన్లు వేశాను. ప్రోగ్రాము మంచివాటిని జతకట్టి పిల్లల్ని పుట్టిస్తూ, పనికిరానివాటిని పారేస్తూ పోయింది. మూడొందల తరాలకి ఏడు బిళ్లల కొలతలు తేలాయి. హైదరాబాదు ల్యాబ్‌లో నాకు దొరికింది సోమవారం ఒకే ఒక్క షాట్. అది పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

బిళ్లలు చేసే పని మామూకి అప్పజెప్పాను. శుక్రవారం పొద్దున ఆయన లేత్ షాపుకెళ్లి చూస్తే మందంలో వెంట్రుకవాసి తేడా లేదు. అంచులు మాత్రం అన్నీ నున్నగా తీసేసి ఉన్నాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"అంచు తియ్యమని ఎవరు చెప్పారు మామూ?"

"ఒకళ్లు చెప్పాలా? అంచు తియ్యకుండా ఇస్తే నన్ను పనోడంటారా?"

ఈయనతో వాదించడం నా వల్ల కాదు. పక్కనున్న నెట్ సెంటర్‌కి లాక్కెళ్లాను. అంచు ఎంత తీయాలో కూడా సీడీలో వెంట తెచ్చుకున్న ప్రోగ్రామునే తేల్చుకోమని వదిలి, టీ చెప్పాను. నున్నటి అంచులవి తరతరానికీ తగ్గిపోయాయి. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు.

"మనవన్నీ పోయాయా?" అన్నాడు మామూ, తెర మీంచి కళ్లు తీయకుండా.

"అన్నీ. అంచు తీస్తే బిళ్లల మధ్య సందు పడుద్ది. దెబ్బ సమంగా తగలదు."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా మెహర్!"

ఆదివారం మధ్యాహ్నం కొత్త బిళ్లలు నా చేతికిచ్చాడు. ఆయన బొటనవేలికి గుడ్డకట్టు ఉంది. "జాగ్రత్త, తెగుద్ది," అన్నాడు. అంత సిగ్గుపడుతూ సామాను ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సోమవారం సాయంత్రం ల్యాబ్ నుంచి షాపుకి ఫోన్ చేశాను.

"దెబ్బ మనం అనుకున్నట్టే పెరిగింది మామూ. గ్రాఫ్ చూస్తే ముద్దొస్తోంది."

"మరి నా బిళ్లలో?"

"పొడైపోయాయి."

మిల్లుల్లో ఆయన చేసినవి ఏళ్ల తరబడి తిరుగుతాయి. ఇవి కన్నుమూసి తెరిచేంతసేపు కూడా లేవు. పాపం, చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది.

"పనయ్యాక పోయినియ్యా, అవకముందే పోయినియ్యా?"

"అయ్యాకే మామూ."

"అయితే గట్టివే," అన్నాడు.