నడవాలో ఆరిపోయిన ప్రోటీన్

హంగరీ మొత్తమ్మీద కంటికి కనబడని ప్రోటీన్‌ను బెదిరించి మెలకువగా ఉంచగలిగింది మా అమ్మమ్మ ఎతెల్క ఒక్కతే. నమ్మకపోతే ఆ ప్రోటీన్‌నే అడగండి.

సెగెద్‌లోని ఒక పరిశోధనశాలలో ముప్పై ఆరేళ్ళుగా ఆమె పని అదే. కణాల్లో ఒక చిన్న ప్రోటీన్ దీపంలా వెలిగి, కాసేపటికి తనంతట తనే ఆరిపోతుంది. కణాలను పగలగొట్టి, వెలిగి ఉన్నదాన్ని మాత్రమే పట్టుకునే పూసలతో దాన్ని పట్టాలి. దొరికితే ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. మంచులో పెట్టినా నిమిషాలే గడువు. ఆలస్యమైతే గీత వెలిసిపోతుంది. తొమ్మిదో తరగతితో చదువు మానేసిన నాకు తెలిసింది ఇంతే.

అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ బార్నబాష్ పరిశోధన వ్యాసం ఆ గీత కోసమే ఆగింది. రెండుసార్లు ఒకేలా వచ్చింది, మూడోసారీ అలాగే వస్తేనే పత్రికకు పంపగలడు. మూడోసారి గీత వెలిసిపోయింది. అమ్మమ్మ వారమంతా పూసల్ని తిట్టింది, ద్రావణం మళ్ళీ కలిపింది, ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసింది.

"పూసలు బాగానే ఉన్నాయి," అంది ఒక సాయంత్రం సూప్ పక్కకు నెట్టి. "ఎప్పటికీ ఆరకుండా రసాయనంతో కట్టేసిన ప్రోటీన్‌ను వాటితోనే పట్టి చూశాను. నల్లగా పడింది. మరి నాది దారిలో ఎక్కడ ఆరిందో?"

"ఆ రోజు నీ పేరు పండుగ కదా అమ్మమ్మా, క్యాలెండర్‌లో ఎతెల్కలందరి రోజు. మంచు బకెట్టు పట్టుకుని పెళ్ళికూతురిలా నడిచావు."

పగిలిన కణాల్ని గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం నడవా చివర ఉంటుంది, నలభై అడుగులు. ఆ దారిలో ఆమెను ఎవరెవరు ఆపారో ఇద్దరం లెక్కేశాం. మొదట శుభాకాంక్షలు చెప్పడానికి తులిప్ పూలతో వెళ్ళిన నేను. తర్వాత కాపలాదారు దెజో, మా ఆచారం ప్రకారం రెండు బుగ్గలకూ ముద్దులు, పైగా తన మోకాలి నొప్పి కథ. మైక్రోస్కోపు గది అమ్మాయిలు ముగ్గురు. ఆఖరికి డాక్టర్ బార్నబాషే ముద్దు పెట్టి, "ఎతెల్కమ్మా, మూడోది ఎప్పుడిస్తారు?" అని అడిగాడట. మొత్తం పదకొండు నిమిషాలు.

"పని ఉందని చెప్పి పోవచ్చుగా?"

"వాళ్ళ పేరు పండుగలకి ఇన్నేళ్ళు నేను ముద్దులు పెట్టాను. ఇప్పుడు నా ప్రోటీన్ ఆరిపోతోందని వాళ్ళని తోసేయనా?" అంటూ నుదురు రుద్దుకుంది. "ఇంకొక్కసారికే కణాలున్నాయి. సోమవారం చెయ్యాలి."

"సోమవారం నీ ముందు నేను నడుస్తాను. ఎవరొచ్చినా పక్కకి తోస్తాను. తర్వాత ఇదంతా రాస్తాను."

"రాసుకోవే, నీ ఇష్టం. ఆ నడవాలో మాత్రం కాలు పెట్టకు. మొదట ఆపింది నువ్వే."