బుజ్జమ్మ కొసరు

మా కొట్టు గురించి చెప్పాలంటే బుజ్జమ్మతో మొదలుపెట్టాలి. రాజాం బజారులో మా మామగారు నారాయణమూర్తి కిరాణా కొట్టు పెట్టిన ఏడాదే ఆవిడ పనిలో చేరింది. అప్పటికీ ఇప్పటికీ ముప్పై రెండేళ్ళు. జీడిపప్పు చేతిలోకి తీసుకుంటే చాలు, తేమ ఉందో లేదో చెప్పేస్తుంది. మామగారు పోయినప్పుడు మా అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆవిడే. నోరు పెద్దది. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది, పోయిన ఏడాది వరకు.

కరోనా తర్వాత నేను ఆన్‌లైన్‌లో జీడిపప్పు అమ్మడం మొదలుపెట్టాను. ఆ సరుకు వెనక గదిలో వేరే పెట్టి, తూచి పొట్లాలు కట్టే పని బుజ్జమ్మకి అప్పగించాను. వచ్చిన ఆర్డర్లను ఒక్కొక్కటే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించలేక నా ప్రాణం విసిగిపోయేది. చివరికి విజయనగరం నుంచి నరేష్ అనే ఆయన్ని పిలిపించి, మా వెబ్‌సైట్‌లో షాపింగ్ కార్టునీ ఈ సాఫ్ట్‌వేర్‌నీ కలిపించాను. హైదరాబాదులో ఎవరో బటన్ నొక్కితే ఇక్కడ బిల్లు తయారై, బస్తా లెక్కలో కిలో తగ్గిపోతుంది. ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద లేవు.

నెలాఖరున మొదటిసారి బస్తాలు తూస్తే, ఉండాల్సినదానికంటే పద్నాలుగు కిలోలు తక్కువ. నరేష్‌కి ఫోన్ చేసి కేకలేశాను. ఆయన ఆర్డర్లన్నీ ఓపిగ్గా సరిచూసి, ఎక్కడా తేడా లేదన్నాడు. రెండో నెల పదహారు కిలోలు తగ్గింది. మిషను తప్పు కాకపోతే మనిషి తప్పే కదా అనుకున్నాను. ఆ గదిలో ఉండేది బుజ్జమ్మ ఒక్కతే. మా ఆయన వెంకటసాయి తొందరపడొద్దన్నాడు. నేను వింటేగా.

దొంగ అనలేదు. అనే ధైర్యం లేదు. సాయంత్రం కొట్టు నిండా జనం ఉండగా, ఇకనుంచి అందరూ సంచులు చూపించి వెళ్ళాలని గట్టిగా చెప్పాను. అందరూ అన్నాను గాని సంచి పట్టుకుని నిలబడింది ఆవిడ ఒక్కతే. కౌంటరు మీద దాన్ని బోర్లించింది. ఖాళీ కేరేజీ, కళ్ళద్దాలు, మనవరాలికి కొన్న రిబ్బను. మళ్ళీ సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాటినుంచి రాలేదు.

పొట్లాలు నేనే కట్టాను, గ్రాము అటూ ఇటూ కాకుండా. ఆ నెల లెక్క సరిపోయింది. నా అనుమానం నిజమేనని, సిగ్గులేకుండా, సంతోషపడ్డాను.

తర్వాత హైదరాబాదు నుంచి యమున అనే ఆవిడ ఫోన్ చేసింది. ఎప్పుడూ కిలో మీద గుప్పెడు ఎక్కువే ఉండేదట. అది చూసే మా దగ్గర కొంటోందట. ఈసారి ఎందుకు తగ్గించేశారని అడిగింది.

కౌంటరు దగ్గర అడిగినవాళ్ళకి కొసరు వెయ్యడం మాకు అలవాటే. ముఖం కూడా తెలియని ఆన్‌లైన్‌ బేరానికి కొసరు ఎవరు వేస్తారు? బుజ్జమ్మ వేసింది. కిలో తూచి, పైన గుప్పెడు వేసి, అప్పుడు పొట్లం కట్టేది. నెలకి మూడొందల పొట్లాలు, మూడొందల గుప్పెళ్ళు.

వాళ్ళింటికి పరిగెత్తాను. వెళ్ళినదాన్ని తిన్నగా తప్పయిందని అనొచ్చు కదా. జీతం వెయ్యి పెంచుతానన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"జీతం సాల్లేదని మానేసానేటమ్మా?" అంది బుజ్జమ్మ. "దొంగవని అనుంటే నాలుగు మాటలు నానూ అందును. ఎందుకు తగ్గిందో అడిగుంటే సెప్పుదును. కొసరెయ్యకుండా పొట్లం కడితే మీ మావగారు ఊరుకునేవోరు కాదు. నువ్వు అడగలేదు. సంచి సూసావు."

తప్పు నాదేనన్నాను, అప్పటికి.

"నాకు సెప్తే ఏటి లాభం? జనం ముందు సూసావు. జనం ముందే సెప్పు."

శనివారం సాయంత్రం, కొట్లో రద్దీగా ఉన్నప్పుడు చెప్పాను. పప్పు ఎవరూ తియ్యలేదని, కొసరు సంగతి లెక్కలో పెట్టకపోవడం నా తెలివితక్కువతనమని, బుజ్జమ్మ సంచి తెరిపించడం నేను చేసిన పాపమని. కొందరు విన్నారు, కొందరు మినపప్పు ధర అడిగారు. గుమ్మంలో నిలబడి అంతా విని, బుజ్జమ్మ చేతులు కడుక్కుని వెనక గదిలోకి నడిచింది.

నేనూ వెనకాలే వెళ్ళాను. కిలో తూచింది. బస్తాలోంచి గుప్పెడు తీసి, ఆ చెయ్యి పొట్లం మీద ఆపి నావైపు చూసింది.

"వెయ్యమంటావా అమ్మా?"

మామగారి రోజుల్లో గాని, ఆ తర్వాత గాని ఆవిడ ఆ మాట ఎవర్నీ అడిగి ఎరగదు. వెయ్యమన్నాను. కొసరుతో కలిపి తగ్గేట్టు నరేష్ సాఫ్ట్‌వేర్‌ మార్చాడు, లెక్క ఇప్పుడు సరిపోతోంది. బుజ్జమ్మ మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది, ప్రతి పొట్లానికీ.