గింజ తీసిన కారం

మా ఒంగోలు ఓనరు గారు పోయారు. మంగళవారం పొద్దున్నే వాళ్ళావిడ ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. "సరిగ్గా చూశారా పిన్నిగారూ? డాక్టర్ని పిలిచారా?" అని అడిగాను. అంత ఏడుపులోనూ ఆవిడ, "ఆయన ఇంట్లో అద్దెకున్నదానివి అనిపించావే తల్లీ," అన్నారు. కాఫీ గ్లాసు చేతికిస్తే ఒక గుక్క తాగి, పాలల్లో నీళ్ళెక్కువయ్యాయని పాలవాణ్ణి తిట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. అంతే. తిట్టు మధ్యలో ఆగిపోలేదు, అదొక్కటే నాకు కాస్త ఊరట.

ఆయన గొప్పవాడని ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. వీధిలో ఆయన్ను గొప్పవాడన్న మనిషి లేడు. అనుమానప్పక్షి అనేవాళ్ళు, మొహం మీదే. కానీ ఒంగోల్లో అన్నేళ్ళు కడుపు పాడవకుండా బతికానంటే అది ఆయన చలవ. పైగా ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా ఉండిపోయింది.

తొంభైల చివర్లో బ్యాంకు ఉద్యోగం మీద ఒంగోలు వచ్చాను. ఒంటరి ఆడపిల్లకు ఇల్లివ్వడానికి ఎవరికీ చేతులు రాని రోజులు. ఆయన కూడా వాకిట్లో నిలబెట్టి పావుగంట ప్రశ్నలేశారు.

"ఏ ఊరమ్మా?"

"సత్తెనపల్లండి."

"పత్తి ఊరు. పత్తికైతే తడి చూస్తాం. మనిషికి ఏం చూడాలో మరి. వంటొచ్చా?"

"రాదండి."

"ఇది మాత్రం నిజమే చెప్పావు," అని తాళంచెవి ఇచ్చారు.

ఆయన గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళు సరుకు చూసిన గుమాస్తా. బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయలు లాగి, విరిచి, వాసన చూసి రకం చెప్పడం పని. పైనున్నది చూపించే కాయ, అడుగునున్నదే అసలు కాయ అని ఆయన సిద్ధాంతం. రిటైరై అత్తగారి ఊరైన ఒంగోల్లో ఇల్లు కట్టుకున్నాక బస్తాలు లేవు. అందుకని మనుషుల్లో చెయ్యి పెట్టడం మొదలుపెట్టారు.

వచ్చిన నెలకే నేను హోటలు తిండి పడక మంచం పట్టాను. పిన్నిగారు మజ్జిగన్నం పెట్టారు. ఆయన కుర్చీ లాక్కుని విచారణ పెట్టారు.

"ఎక్కడ తిన్నావు?"

"ట్రంకు రోడ్డు హోటల్లోనండి. అద్దాల తలుపులూ అవీ, బాగానే ఉంటుంది."

"ఆ అద్దంలోంచి వంటవాడు కనపడ్డాడా?"

"లేదండి."

"మరి అద్దం ఎందుకమ్మా? నిన్ను నువ్వు చూసుకోవటానికా? ఆదివారం నాతో రా. ఈ ఊళ్ళో తినదగ్గ చోట్లకు బోర్డులుండవు."

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. పదకొండున్నరకే బయలుదేరేవాళ్ళం. సముద్రం దగ్గరున్న ఊరన్న మాటేగానీ ఒంగోలు ఎండకు ఆ సంగతి తెలియదు. ఆయన గొడుగేసుకుని ముందు, నేను చున్నీ నెత్తిన కప్పుకుని వెనక. పిన్నిగారు వచ్చేవారు కాదు. "నా చేతి వంటకు ఏం రోగమొచ్చిందని ఊరిమీద పడతారు?" అనేవారు. ఆయన గేటు దాటి నాలుగడుగులు వేశాక, "ఈవిడ వంటను అనుమానించే ధైర్యం నాకు లేదమ్మా. అందుకే బయట చూసుకుంటన్నా," అనేవారు.

కొత్తపట్నం బస్టాండు వెనక ఒక సైకిలు షాపు ఉండేది. షాపులోంచి నడిచి, ట్యూబులు వేలాడే గోడ దాటితే పెరట్లో నాలుగు బల్లలు. పొద్దున సముద్రం నుంచి బుట్టల్లో దిగిన చేప మధ్యాహ్నానికి అక్కడ పులుసయ్యేది. వాసనకే నాకు నోరూరింది. ఆయన మాత్రం కూర్చోకుండా గుమ్మంలో విడిచిన చెప్పులు పరిశీలిస్తూ నిలబడ్డారు. "లారీ వాళ్ళ చెప్పులూ, ప్లీడర్ల చెప్పులూ కలిసి ఉన్నాయంటే లోపల తిండి బాగున్నట్టు. అన్నీ ఒకే రకం ఉంటే మాత్రం వాళ్ళ చుట్టాలను తెచ్చి కూచోబెట్టినట్టు," అన్నారు.

సంతపేటలో ఒక ముసలావిడ వసారాలో కిందా మీదా నిప్పులు పెట్టి దిబ్బరొట్టె కాల్చేది. లాయరుపేటలో ఒక ముస్లిం కుటుంబం వాళ్ళ మేడ మీద ఆదివారాలు మాత్రం పలావు వండేవాళ్ళు. మెట్లెక్కి తలుపు తడితే లోపల్నుంచి, "ఎవరు పంపారండి?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న ఆయనకు తెగ నచ్చింది. "చూశావా! వాళ్ళు కూడా మనల్ని అనుమానిస్తన్నారు. పద్ధతైన మనుషులు," అన్నారు.

ఎక్కడికెళ్ళినా పరీక్ష ఒకటే. ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు, చిటికెడు కారం అడిగేవారు. కారం నీళ్ళ మీద చల్లి చూసేవారు. రంగు తీగలు తీగలుగా కిందికి దిగిందా, లేచి గొడుగు తీసుకోవడమే. దిగకపోతే, వేడన్నంలో ఆ కారం, నెయ్యి కలిపి ఒక్క ముద్ద తిని, ఆ తర్వాతే కూరల మాట. "మసాలా వేసి దేన్నైనా దాచొచ్చమ్మా. ఉత్త కారంలో ఏదీ దాగదు," అనేవారు. ఆయన గొడుగు సందు మొదట్లో కనపడగానే కొందరు హోటళ్ళవాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు, కొందరు కుర్చీ తుడిచేవాళ్ళు. రాను రాను తిండి తెలిసిన వాళ్ళంతా, "ఆయన తిన్నాడా? అయితే పోదాం పద," అనేదాకా వచ్చింది.

ఆ పేరే కొంప ముంచింది.

ఆసుపత్రి వెనక సందులో కొత్తగా మెస్సు పెట్టారని ఎవరో చెబితే వెళ్ళాం. రేకుల షెడ్డు. నలభై ఏళ్ళావిడ ఒక్కతే వండి, ఒక్కతే వడ్డిస్తోంది. ఇరవై మంది దాకా తింటున్నారు. ఆకులో కారం వేసింది. కుంకంలా ఉంది. ఆయన నెయ్యి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. అంత ఎరుపుకి మంట లేదు. కారంపొడిలో రంగు కలుపుతున్నారని ఎక్కడ చూసినా గగ్గోలుగా ఉన్న రోజులవి. ఆ రోజు ఆయన నీళ్ళ గ్లాసు అడగలేదు. చూపుతో, నాలుకతోనే తీర్పు చెప్పేశారు.

"ఏందమ్మా ఇది? ముప్పై ఏళ్ళు కాయ చూసిన చెయ్యి ఇది. ఇంత ఎర్రటి కాయకు మంట లేకుండా పోద్దా? రంగు కలిపి రోగిష్టోళ్ళకు పెడతన్నావా?"

ఆవిడ బిత్తరపోయింది. "రంగేందండీ! నా చేత్తో ఇంట్లో దంచుకున్నదండి."

"దంచింది ఇంట్లోనే. ఏం దంచావనేదే నేనడిగేది."

తింటున్నవాళ్ళు ఆకులు మడవకుండానే లేచారు. ఇద్దరు ముగ్గురు ఆయన్ను గుర్తుపట్టారు కూడా. ఆవిడ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకప్పుడు గర్వంగా ఉంది. దొంగను పట్టిన పోలీసు వెనక నడిచినట్టు ఆయన వెనక నడిచి వచ్చాను. వారం తిరక్కుండానే ఆ మెస్సులో ఈగలు తోలుకుంటున్నారని తెలిసింది. కావలసిందే అనుకున్నాను.

రెండు నెలలు గడిచాక నాకు ఆయన మీదే అనుమానం మొదలైంది. శుక్రవారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా తొడిగేవారు. పన్నెండింటికి, "యార్డు స్నేహితుడొచ్చాడే, కలిసొస్తా," అని పిన్నిగారికి చెప్పి వెళ్ళేవారు. ఏ యార్డు స్నేహితుడు ప్రతి శుక్రవారం ఒంగోలు వస్తాడు? ఒకరోజు బ్యాంకు పని మీద ఆసుపత్రి వైపు వెళ్తే ఆయన కనపడ్డారు. అదే మెస్సు. గుమ్మం పక్క బల్ల మీద, వీధి వైపు మొహం పెట్టి తింటున్నారు. ఆవిడ పక్కన నిలబడి పెరుగు వేస్తోంది. తర్వాతి శుక్రవారం నేను పని కల్పించుకుని మరీ వెళ్ళాను. మళ్ళీ అక్కడే, మళ్ళీ అదే చొక్కా.

పదిమందిలో గద్దించిన మనిషి దగ్గర ఈ చాటు భోజనమేమిటి? చాటు అనుకున్నానుగానీ ఆయన కూర్చున్నది నట్టగుమ్మంలో. అనుమానం పట్టిన కంటికి గుమ్మం కూడా చాటుగానే కనపడుతుంది. నాకెందుకులే అని ఊరుకోవాల్సింది. నోరు ఊరుకోలేదు. "చూసింది చూసినట్టు చెబుతున్నా పిన్నిగారూ," అంటూనే చూడనిది కూడా కాస్త కలిపి చెప్పాను. వాళ్ళిద్దరూ నవ్వుకున్నారనీ, గుసగుసలాడుకున్నారనీ నేనెక్కడ చూశాను!

ఆ ఇంట్లో గిన్నెలు మోగాయి. పిన్నిగారు పది రోజులు ఆయనకు కంచం పెట్టారుగానీ మాట కలపలేదు. ఆయనా ఎందుకని అడగలేదు. చివరికి ఒక సాయంత్రం ఆవిడ నన్ను కూడా పిలిచి వసారాలో కూర్చోబెట్టి, "ఎవరావిడ? ఈ పిల్ల ముందే చెప్పండి," అని నిలదీశారు.

ఆయన నా వైపు చూశారు. చెంప పగలగొడతారనుకున్నాను. "సరుకు సరిగానే చూశావమ్మా. రేటే తప్పు కట్టావు," అన్నారు.

అప్పుడు చెప్పారు. గొడవైన వారానికి ఆ సందు వెనకగా వస్తుంటే, పెరటి గుమ్మంలో ఆవిడ ఎండు మిరపకాయలు ముందేసుకుని కూర్చుందట. కాయ కాయా చీల్చి, గింజ దులిపేసి, తొక్క మాత్రం చేటలో వేస్తోందట. "గింజ తీస్తావేందమ్మా?" అని ఈయన అడిగితే, కోసిన కడుపులకూ బాలింతలకూ ఆసుపత్రిలోకి క్యారియర్లు వెళ్తాయనీ, గింజ ఉంటే వాళ్ళు ఆ మంట తట్టుకోలేరనీ తలెత్తకుండానే చెప్పిందట.

"యార్డులో గింజ తీసేవాడెవడే?" అన్నారు ఆయన పిన్నిగారితో. "గింజ కూడా తూకమేగా. పొడి ఆడించేవాడు పైనుంచి ఇంకో దోసెడు గింజ పోస్తాడుగానీ తీస్తాడా? బరువును చేత్తో పారేసుకునే మనుషులుంటారని నాకు తట్టలా. గింజ లేకపోతే ఎరుపెక్కువ, మంట తక్కువ. కూలికొచ్చే పిల్లనడిగినా చెప్తది. నాకు తట్టలా."

"మరి తప్పయిందని ఆవిడతో అన్నారా?" అని పిన్నిగారు అడిగారు.

"అందామనే వెళ్తన్నా. వెళ్ళి కూచుంటా. అన్నం పెడద్ది. నోట్లో ముద్ద ఉంటది, మాట రాదు. గుమ్మంలో కూచుని తింటన్నా, జనం చూస్తారని. లేపింది నేనేగా, మళ్ళీ కూచోబెట్టాల్సిందీ నేనే. ఆ మాట కూడా వచ్చే శుక్రవారం చెప్పేస్తా."

"మీ అనుమానం తగలెయ్య! ఈ ముక్క నాతో అంటే నోరరిగిపోద్దా?" అని పిన్నిగారు విసురుగా లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చారు. ఆయన వాసన చూడకుండా తాగేశారు.

నేను ఆ రోజు ఆయన కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. ఆదివారం క్షమించమని అడుగుదాం, మంచి ముద్ద తింటూ అడుగుదాం అనుకున్నాను. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆయన ఎప్పటిలాగే చెప్పులు చూపించారు, నీళ్ళలో కారం చల్లారు, నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఇబ్బందిగా ఉండేది. తర్వాత నాకు మళ్ళీ సత్తెనపల్లి వైపు బదిలీ అయింది. ఫోన్ చేసినప్పుడల్లా, "బాబాయిగారూ, ఆవిడకు చెప్పారా?" అని అడిగేదాన్ని. "ఈ శుక్రవారం ఖాయం," అనేవారు. ఏళ్ళు గడిచాయి. ఆయన ఆవిడకు చెప్పలేదు, నేను ఆయనకు చెప్పలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

బుధవారం ఒంగోలు వెళ్ళాను. పిన్నిగారి దగ్గర రెండు రోజులున్నాను. శుక్రవారం పొద్దెక్కాక ఆవిడే అన్నారు, "ఆ మెస్సావిడకు ఎవరూ చెప్పి ఉండరు. చూస్తా ఉంటది. నువ్వెళ్ళి చెప్పిరా."

మెస్సుకిప్పుడు ఇంకో షెడ్డు చేరింది. లోపల జనం కిటకిటలాడుతున్నారు. ఎవరో గుమ్మం పక్క బల్ల మీద కూర్చోబోతే ఆవిడ, "అక్కడ కాదు బాబూ, లోపలికి రండి," అంటోంది. నేనెవరో చెప్పాను. ఏం జరిగిందో చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె ఉంది, కింద పెట్టలేదు.

"ఆయన మీకొక మాట చెప్పాలని ఇన్నేళ్ళూ..." అని మొదలుపెట్టాను.

"తెలుసమ్మా."

"తెలుసా!"

"మొదటి వారమే తెలుసు. ముద్ద మింగి, 'అమ్మా' అని మొదలెట్టేవారు. నేను గబగబా పెరుగు పోసేదాన్ని. లేకపోతే సాంబారు పొంగుతోందని లోపలికి పోయేదాన్ని. ఆ మాట అనేస్తే ఆయన పనైపోద్ది, ఇక రారేమోనని నా అనుమానం. ఆయన గుమ్మంలో కూచుంటేనేగదమ్మా జనం మళ్ళా లోపలికొచ్చింది." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "తర్వాత జనం బాగానే వచ్చారు. అయినా చెప్పనివ్వలా. ఒక్కసారి చెప్పనియ్యాల్సింది. పాపం, ఎంత మోశారో."

ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏమందామనుకున్నారో మీకు తెలుసుగా. మీరు చెప్పండి," అంది.

ఆ గరిటె వైపే చూస్తూ, "తప్పు నాదేనమ్మా, నీ కారం మంచిది," అన్నాను. అంటుంటే కన్నీళ్ళాగలేదు. ఆ మొదటి మాట ఆయనదెంతో నాదీ అంతే. వినాల్సిన ఇద్దరిలో మాత్రం ఒక్కరే ఉన్నారక్కడ.

ఆవిడ ఆ గుమ్మం పక్క బల్ల మీద కూర్చుంది, వీధి వైపు మొహం పెట్టి, గరిటె ఒళ్ళో పెట్టుకుని. లోపల్నుంచి ఎవరో అన్నం అడిగారు. ఇంకెవరో చారు అడిగారు. రెండుసార్లు, మూడుసార్లు కేకేశారు. ఆవిడ లేవలేదు.