జారిపోయిన వల

మచిలీపట్నం బస్సులో నా పక్కావిడ ఒళ్లో స్కానింగ్ కవరు, భుజమ్మీద నిద్రపోతున్న ముసలితల్లి. తల్లికి రెండేళ్లుగా మతిమరుపు జబ్బట.

"నేను కూతుర్నని తెలీదండీ. వల అల్లమంటే మాత్రం ఒక్క ముడి తప్పేది కాదు. ఆర్నెల్ల కిందట ఎడం చేతిలోంచి వల జారిపోవడం మొదలైంది. డాక్టరు దగ్గర్నుంచి మా బావ దాకా అందరూ మతిమరుపే అన్నారు. ఇప్పుడేమో తలలో గడ్డ కూడా ఉందంట!"

చదువుకున్నవాణ్ణి కదా, "వయసూ, మతిమరుపూ కలిస్తే అంతేనండీ," అన్నాను.

"మీరూ అదే మాటా! మతి పోయినోళ్లకి ఇంకో జబ్బు రాకూడదని రూలుందాండీ?"

అలాంటి రూలు నేనెక్కడా చదవలేదు. అయినా, మతిమరుపున్న మా నాన్న కాలీడుస్తుంటే ఏడాదిగా అదే మాట అంటున్నాను. అక్కడినుంచే మా ఆవిడకి ఫోన్ చేసి, నాన్నకి స్కానింగ్ తీయిద్దామన్నాను.

"ఏడాదిగా నేను మొత్తుకుంటున్నది మరేంటండీ?" అంది.