రోడ్డు వైపు మొహం పెట్టిన కారు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందు ర్యాంపు చూస్తారు, తర్వాతే మమ్మల్ని పలకరిస్తారు. అంత ఏటవాలు. గల్లీలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత ఇళ్ళు గుంతలో పడిపోవడం చూసి, మా ఆయన కట్టేటప్పుడే ఇంటిని నడుమెత్తు లేపించాడు. రోడ్డు మాత్రం ఇంతవరకూ లేవలేదు.

మాది బొంతపల్లి దగ్గర. మా పాపకు ఉబ్బసం. సాయంత్రాలు గాలి తిరిగిందంటే మందుల కంపెనీల వైపు నుంచి ముక్కు మండే వాసన వస్తుంది. మేం కిటికీలు మూసి ఊరుకుంటాం, దానికి మాత్రం ఊపిరి అందదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ చిన్న కారు కొన్నది పాపను వెంటనే పటాన్‌చెరు ఆస్పత్రికి తీసుకుపోవడానికే. అందుకే కారు మొహం ఎప్పుడూ రోడ్డు వైపే ఉండాలని నేను పట్టుబట్టాను. వెనక్కి చూసుకుంటూ గల్లీలోకి దిగేలోపు పిల్లకు ఏమైనా అయితే?

మా ఆయన కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి కారును నేరుగా ఎక్కించి లోపల పడాలని ఉంటుంది.

"రోజూ రివర్సుల ఎక్కియ్యాల్నంటే క్లచ్చు కాలిపోతది గదనే."

"కాలనియ్. పిల్ల దమ్ము కన్న నీ క్లచ్చు ఎక్కువనా?"

ఆ మాటకు జవాబుండదని నాకు తెలుసు, అందుకే రోజూ అదే అనేదాన్ని. ఆయన గొణుక్కుంటూ వెనక్కి ఎక్కించేవాడు. ర్యాంపంతా కాలిన రబ్బరు వాసన.

అక్కడితో నా భయం తీరితే బాగుండేది. కిందికి మొహం పెట్టిన కారు జారితే ఎట్లా అని ఇంకో భయం పట్టుకుంది. అదీ ఊరికే కాదు. వాళ్ళ కంపెనీలో పార్కింగ్ ఇరుకు. కార్లు ఒకదానికి ఒకటి అడ్డంగా పెడతారు. హ్యాండ్‌బ్రేకు వేయకుండా, గేరులో పెట్టకుండా వదిలేసి రావాలి. ఎవరి కారైనా బయటికి తీయాలంటే సెక్యూరిటీ వాళ్ళు అడ్డమున్నవాటిని చేత్తో నెట్టి దారి చేస్తారు. చెయ్యికి ఆ అలవాటున్న మనిషి ఇంట్లో మాత్రం గుర్తుపెట్టుకుంటాడా?

"బ్రేకు గుంజినవా?"

"గుంజిన. ఎన్నిసార్లు అడుగుతవ్? జెర నమ్మరాదూ."

నమ్మలేదు. ఆయన బ్రేకు తొక్కి పట్టుకుంటే నేనే ముందు టైరు కింద రాయి పెట్టేదాన్ని. ఆయన లోపలికి పోయాక అద్దంలోంచి తొంగి చూసి, బ్రేకు పైకి లేచి ఉందో లేదో చూసుకునేదాన్ని. పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు. నవ్వనీ అనుకున్నాను.

ఒక సాయంత్రం ఆయన కారు ఎక్కించాడు, నేను రాయి పెట్టాను, అద్దం దగ్గరికి వంగబోతుండగా వాసన వచ్చింది. లోపల పాప దగ్గడం మొదలుపెట్టింది. పరిగెత్తాను. నోట్లో ఇన్‌హేలరు పంపు రెండుసార్లు కొట్టినా పెదాల రంగు మారుతూనే ఉంది. ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టి, మందుల సంచి కోసం మళ్ళీ లోపలికి ఉరికాను.

రోజూ అయితే ఆయన సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాక నేను రాయి తీస్తాను. ఆ రోజు నేను లేను కదా, జల్దీ అవుతుందని ఆయనే పక్కన నిలబడి రాయిని కాలితో తన్ని తప్పించాడు. బ్రేకు గుంజలేదన్నది ఆయనకు గుర్తే లేదు.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి కారు దిగిపోతోంది. లోపల పిల్ల ఒక్కతే. ఆయన తలుపు పట్టుకుని ఈడ్చుకుపోతూ "ఆగు, ఆగు" అని అరుస్తున్నాడు, కారుకు చెవులున్నట్టు. కారు గల్లీ దాటి, ఎదురుగా కడుతున్న ఇంటి ఇసుక కుప్పలోకి దూసుకుపోయి ఆగింది. గల్లీలో ఆ క్షణం ఎవరూ లేరు. అది మా అదృష్టం, ఇంకేమీ కాదు.

పాపకు దెబ్బ తగల్లేదు. ఆయన కారును ఇసుకలోంచి వెనక్కి తీసి పటాన్‌చెరు దాకా నడిపాడు. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని దారంతా వీపు రాస్తూ కూర్చున్నాను. మాస్కు పెట్టి మందు పొగ పట్టాక దాని ఊపిరి కుదుటపడింది. అప్పుడు ఏడ్చాను.

"తిట్టరాదూ," అన్నాడాయన. తిట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు కారు ర్యాంపు ఎక్కదు. కింద గల్లీలో, గోడవారగా, సమంగా ఉన్న చోట పెడుతున్నాం. ఎటు మొహం పెట్టాలన్న కొట్లాటే లేదు. ట్రాక్టర్లవాళ్ళు హారన్ కొట్టి తిడతారు, పడుతున్నాం. మిగతా అంతా సర్దుకుందనుకున్నాను.

నిన్న సాయంత్రం మళ్ళీ వాసన వచ్చింది. కిటికీలు మూసి చూస్తే పాప కనిపించలేదు. ఇంట్లో దగ్గు చప్పుడూ లేదు. లోపలి గదిలోకి పోయి చూశాను. మంచం మూలన ముడుచుకుని, దిండును మొహానికి గట్టిగా అదుముకుని ఉంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. దిండు లాగేస్తే నా వైపు భయంగా చూసింది.

"దగ్గు వస్తలేదమ్మా," అంది, ఊపిరి అందక ఆగి ఆగి. "నిజంగా వస్తలేదు. కారు తియ్యకుండ్రి."