ముక్కు పట్టి కొట్టే ఎక్కాలు

"ఇది ఆటనా సారూ? పిల్ల చెవిలకెళ్లి నెత్తురు కారుతాంది, కండ్లు పెట్టి చూడు!"

"నేను కొట్టలేదు పెద్దమ్మా. పిల్లలు పిల్లలు కొట్టుకున్నరు. ఆటన్నంక దెబ్బ తాకదా?"

"ఆ నిచ్చెన గీసింది నువ్వు గాదా?"

"గీసిన. గీసినంకనే బర్ల కాడికి పోయేటోళ్లు సుత బడికి ఉరికొస్తాండ్రు. అది కనబడదా నీకు?"

నా చిన్నప్పుడు నెక్కొండ దగ్గరి మా ఊరి బడి ముంగట మా నాయినమ్మ, మా లెక్కల సారు ఇట్ల కొట్లాడుకుంటుంటే, నేను నాయినమ్మ కొంగు చెవికి అదుముకొని మధ్యన నిలబడ్డాను.

సారు చెప్పింది అబద్ధం కాదు. ఆయన మమ్మల్ని రెండు పార్టీలు చేసి, నల్లబల్ల మీద రెండు నిచ్చెనలు గీసిండు. ఎక్కం అడిగితే ఠక్కున చెప్పిన పార్టీకి ఒక మెట్టు. చెప్పినోళ్లు చెప్పనోళ్ల ముక్కు పట్టుకొని, సొంత పార్టీ అయినా సరే, చెంప మీద ఒక్కటి కొట్టాలె. అన్ని బడులల్ల ఉన్న శిక్షే, మా సారు దాన్ని ఆట చేసిండు. బడంటే ఏడ్చే పిల్లలు అన్నం తినుకుంటనే ఎక్కాలు వల్లించేటోళ్లు. నేనూ అట్లనే నేర్చుకున్న. పాఠం తలకెక్కాలంటే ఆట గావాలె, అందుల నాకు అనుమానం లేదు.

కాని చెంపదెబ్బ తరగతిల అయిపోయేది. అసలు దెబ్బలు బడి ఎనుక మొదలయ్యేటివి. అవి కొట్టేది అవతలి పార్టీ కాదు, మన పార్టీనే. పదమూడో ఎక్కం నాకు పట్టుబడక మా మెట్టు పోయింది. మా పార్టీ లీడరు పక్కింటి అక్క. గోడ కాడ నా జుట్టు పట్టి వంచి, పలక చెక్కతోటి చెవి మీద కొట్టింది. మిగిలినోళ్లు చుట్టూ నిలబడి తన్నిండ్రు. నిన్నటిదాక నాతోటి రేగుపండ్లు పంచుకున్నోళ్లే.

బాపు ఆ నెత్తురు చూసి ఒక్కటే మాటన్నడు. ఇంకోసారి నెత్తురుతోటి ఇల్లు చేరితే బడి బంద్, పత్తి ఏరుడుకు పోవుడే.

నాయినమ్మ నా చెవికి పసుపు పెట్టి, సబ్బు దండుగని నెత్తురైన నా జాకెట్టును ఉత్త చల్లనీళ్లల్ల నానేసింది. అక్కను తిట్టలేదు. వాళ్లమ్మకు చెప్పలేదు. చెప్తే ఆమె చీపురుకట్ట తిరగేసేది, అక్క ఆ దెబ్బ మళ్ల నాకే తెచ్చిచ్చేది. నాయినమ్మ బొగ్గుతోటి అరుగు మీద పచ్చీసు గీసి, గవ్వలు తీసి, అక్కను పిలిచింది. అక్కకు ఆటంటే పానం.

మేమిద్దరం ఒక దిక్కు, నాయినమ్మ ఒక్కతే ఒక దిక్కు. మా ఇద్దరిల ఒకరు గవ్వలు వెయ్యాలంటే రెండోవాళ్లు ఎక్కం చెప్పాలె. "చెయ్యి లేస్తే మీ కాయ ఒకటి సచ్చినట్టే," అన్నది నాయినమ్మ. నేను తప్పు చెప్పంగనే అక్క చెయ్యి లేచింది. నాయినమ్మ కనికరం లేకుంట ఇంటికాడికొచ్చిన మా కాయను తీసి అవతల పారేసింది. అక్క పండ్లు కొరికింది, ఏడ్చింది, చేతులు రెండు తొడల కింద పెట్టుకొని కూసున్నది. ఇగ నన్ను కొట్టలేక నాకు చెప్పుడు మొదలుపెట్టింది. పొద్దుగూకేసరికి పదమూడో ఎక్కం నా నోట్లకు వచ్చింది. మేం గెలిచినం.

ఇప్పుడు మట్టెవాడల నా మనుమరాలి క్లాసుల సుత ఆటలే. జవాబు చెప్తే ఫోన్ల చుక్కలు పడతయి, ఎవరు పైన ఎవరు కింద అని గోడ మీది తెరల అందరికీ కనబడుతది. పిల్ల పొద్దున్నే లేచి తనంతట తానే తయారైతది. మంచిదే, నేను కాదనను. చుక్కలెన్ని వచ్చినయని మాత్రం దాన్ని నేనెన్నడు అడగను. నువ్వు తప్పు చెప్పిననాడు నీ పక్కోళ్లు నిన్నేం చేసిండ్రు అని అడుగుత. ఆ ఆట మంచిదో చెడ్డదో నాకు ఆ జవాబుల తెలుస్తది.

అప్పుడు ఆ పచ్చీసు ఆడిన తెల్లారి బడిల ఏమైందంటే, సారు వరుసగా అడుక్కుంట వచ్చిండు. పదమూడు ఏడులు ఎంత? అక్క తడబడ్డది. నా వంతు వచ్చింది. తొంభై ఒకటి అన్నాను. సారు మాకు మెట్టు గీసి, ఇగ కొట్టు అన్నడు. అక్క తానే మొకం ముందుకు పెట్టింది. ముక్కు పట్టుకున్నాను. చెయ్యి లేపి, మళ్ల దించిన. "నేను కొట్టను సారూ" అన్నాను.

సారు ఆ మెట్టు చెరిపిండు. బెత్తంతోటి నా అరచేతి మీద గట్టిగ కొట్టిండు. అక్క వచ్చి నా చెయ్యి పక్కన తన చెయ్యి చాపింది. సారు దాని మీద కూడా కొట్టిండు.

ఇద్దరి చేతులు వాచినయి. నెత్తురు రాలేదు. నా బడి బంద్ కాలేదు.