మరక అని రాసిన చెయ్యి

సజీవుడైన దేవునికి స్తోత్రం. నోటి మాటకే కాదు, కాగితం మీద పెట్టిన మాటకు కూడా మనల్ని జవాబు అడిగే ప్రభువుకు మహిమ.

మూడేళ్ల కిందట కోట దగ్గర ఒక చిన్న మ్యూజియంలో, ప్రదర్శనలు అమర్చే పనికి కొత్తగా చేరాను. మొదటి ప్రదర్శన పడవల మీద వేసే బొమ్మలది. గోడకు తగిలించే ముందు ప్రతి వస్తువుకూ కండిషన్ రిపోర్టు రాయాలి. అంటే ఎక్కడ పగిలింది, ఎక్కడ రంగు లేచింది అని, వచ్చినప్పటి స్థితిని ఉన్నదున్నట్టు నమోదు చేయడం.

సముద్రం ఒడ్డు ఊరి నుంచి పోలమ్మ ఒక పలక తెచ్చింది. ఫైబర్ పడవ కొన్నాక పాత చెక్క పడవను విప్పేసి, ఇంట్లో దాచుకున్న ముందుభాగం అది. దాని మీద జంట చేపల బొమ్మ, పక్కన పసుపుతో అద్దిన అరచేయి.

“ఇది మా అత్త చెయ్యమ్మా. పోయే ముందు పండక్కి అద్దింది. ఆమెకు ఫొటో గూడా లేదు. బతికున్నన్నాళ్లూ నన్ను సాధించింది, ఇప్పుడు నేనే ఆమెను ఊరేగిస్తా ఉండా,” అని నవ్వింది.

నేనూ నవ్వాను. రిపోర్టులో మాత్రం ‘కుడివైపు పసుపు మరకలు’ అని రాశాను. సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. పూజ పసుపును చేతిముద్ర అని రాయడానికి నా పెన్ను ఒప్పుకోలేదు. అది భక్తి అనుకున్నాను.

మర్నాడు గోడకు మెత్తటి ఫెల్ట్ గుడ్డ అతికించిన కొక్కేలు బిగించి, పలక కోసం వెళ్లాను. చేపలు తళతళలాడుతున్నాయి. చెయ్యి లేదు.

“సబ్బునీళ్లతో తుడిపించాను. మరకలని మీరే రాశారు కదా,” అన్నారు మ్యూజియం బాధ్యత చూసే క్యూరేటర్ గారు.

“తుడవమని రాశానా సార్? తడిగుడ్డ పెట్టే ముందు ఒక్క మాట అడగలేరా?”

“దానికింత రాద్ధాంతమా? చిటికెడు పసుపు కలిపి మీ చెయ్యే అద్దండి. ఎవరికి తెలుస్తుంది?”

ఒళ్లు మండిపోయింది. అద్దనని ముఖం మీదే చెప్పి, పోలమ్మకు ఫోన్ చేశాను.

ఆమె వచ్చి పలక ముందు నిలబడింది. “మా అత్త చెయ్యి యాడమ్మా?”

జరిగింది చెప్పాను. “కొత్తది వేయిస్తాంలేమ్మా,” అన్నారాయన వెనక నుంచి.

“ఆ చేత్తో దెబ్బలు తిన్నదాన్ని సారూ. ఎవురి చెయ్యో తెచ్చి మా అత్తంటే నమ్ముతానా?” అని నా వైపు తిరిగింది. “నీకు చెప్పినానే. చెప్పినాక గూడా మరకని రాసినావే!”

క్షమించమన్నాను. “అడగబాకమ్మా,” అని పలకను ఆటోలో పెట్టించుకుని వెళ్లిపోయింది.

ఆయన మీద కోపం ఈరోజుకీ చల్లారలేదు. నా మీద అంతకన్నా ఎక్కువ. అబద్ధసాక్ష్యం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేది నేనే. ఇంకొకరి పూజకు నేను మొక్కక్కర్లేదు. కానీ మనిషి చేతిని మరక అనమని నా దేవుడు నాకెన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ఏ గుర్తు కనిపించినా అది ఎవరిదో, ఎందుకు పెట్టారో ముందు రాస్తాను. వస్తువు ఇచ్చినవాళ్లకు చదివి వినిపించాకే సంతకం పెడతాను.

రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లాను. పోలమ్మ తలుపు తీయలేదు. ఆమె కోపం న్యాయమైనది. అది తగ్గాలని అడగను. ఆ అత్త చెయ్యి ఎంత ఉండేదో ఆమెకు ఎప్పటికీ మరపు రాకూడదని, నా పెన్ను మళ్లీ అబద్ధం రాయకూడదని, నాతోపాటు మీరూ ప్రార్థించండి.